బోరు కంప్రెషర్ ఇంట్లోనే ఉంది, కొత్తది కొనాలా?

హసన్‌పర్తి_చెక్కపని:
అందరికీ నమస్తే. ఉద్యోగం వేరే చేస్తాను, సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్కపని. స్టూళ్లు, దేవుడి మందిరాలు, ఈ మధ్య ఒక మంచం కూడా చేశాను. ఇన్నాళ్లూ బ్రష్షుతో, గుడ్డతోనే పాలిష్ లాగించాను. ఇప్పుడు స్ప్రే గన్ పట్టుకోవాలని ఆశ.

కంప్రెషర్ కొందామని వారం నుంచి తిరుగుతున్నా, తల తిరుగుతోంది. ఆన్‌లైన్‌లో 1 హెచ్‌పీ, 25 లీటర్ల ఆయిల్ ఫ్రీ (లోపల ఆయిల్ పొయ్యక్కర్లేనిది) చూశాను. హన్మకొండ షాపులో 2.5 హెచ్‌పీ, 50 లీటర్ల డైరెక్ట్ కప్లింగ్ (బెల్టు లేకుండా మోటారుకే బిగించినది) చూపించారు, దాని స్టిక్కర్ మీద 8 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) అని ఉంది. ఆటోనగర్‌లో ఒకాయన సెకండ్ హ్యాండ్ బెల్ట్ టైపు ఇస్తానంటున్నాడు. నా బడ్జెట్ 25 వేలు.

నా పనులు ఇవి: చిన్న మేకులు కొట్టే బ్రాడ్ నెయిలర్, మిషన్ల మీద పొట్టు ఊదడం, బండికీ కారుకీ గాలి, అన్నిటికంటే ముఖ్యంగా తలుపులకి, మంచాలకి స్ప్రే పాలిష్. ఏది తీసుకోవాలి?

ఇంకో సంగతి. మా నాన్న ఎప్పుడో బోరుకి పెట్టించిన గాలి కంప్రెషర్ పెరట్లో పడి ఉంది. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు, బెల్టు, రెండు సిలిండర్ల హెడ్డు (గాలి కొట్టే భాగం). నల్లా వచ్చాక దాన్ని ముట్టుకోలేదు. పాత ఇనుము బండి వస్తే వేసేద్దామనుకుంటున్నా. ఎంత రావచ్చు?

ఊరికే_చదివేవాడు:
2.5 హెచ్‌పీ తీసుకో బ్రో. పెద్దదుంటే ఎప్పటికైనా మంచిదే.

ఆటోనగర్_పాతకాపు:
తమ్మీ, ఆగు. ఆ బోరు కంప్రెషర్ పాత ఇనుముకి వెయ్యకు. ముందు దాని ఫోటో పెట్టు, హెడ్డు మీద ప్లేటు ఉంటే అది కూడా.

మెకానికల్_థర్డ్‌ఇయర్:
నేను నిట్‌లో మెకానికల్ చదువుతున్నాను. హెచ్‌పీ చూసి కొనొద్దన్నా. మోటారు ఎంత తింటుందో హెచ్‌పీ చెబుతుంది, ఎంత గాలి ఇస్తుందో చెప్పదు. మీరు చూసిన 8 సీఎఫ్ఎం కూడా దాదాపు ఖచ్చితంగా పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ అయి ఉంటుంది, అంటే పిస్టన్ కదిలిన జాగా లెక్క. నిజంగా బయటికి వచ్చే గాలిని ఫ్రీ ఎయిర్ డెలివరీ అంటారు. చిన్న పిస్టన్ మిషన్లలో అది డిస్‌ప్లేస్‌మెంట్‌లో అరవై, డెబ్భై శాతమే. 90 పీఎస్‌ఐ (ఆరు కేజీల పైచిలుకు ప్రెషర్) దగ్గర ఒక హెచ్‌పీకి 3 నుంచి 4 సీఎఫ్ఎం వస్తే గొప్ప. ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే ఏ స్టిక్కరూ మిమ్మల్ని మోసం చెయ్యలేదు.

టైర్లకి, నెయిలర్‌కి ఏ చిన్న మిషనైనా సరిపోతుంది. నెయిలర్ మేకు మేకుకి ఒక గుక్క గాలి తాగి ఊరుకుంటుంది, ఈలోపు ట్యాంకు నిండుతుంది. స్ప్రే గన్ అలా కాదు, ట్రిగ్గర్ నొక్కినంతసేపూ తాగుతూనే ఉంటుంది. హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్) గన్ అయితే 10 సీఎఫ్ఎం పైనే అడగొచ్చు.

ట్యాంకు లెక్క కూడా చూడండి. ఒక కేజీ ప్రెషర్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత. 50 లీటర్ల ట్యాంకు 8 కేజీల నుంచి 6 కేజీలకి దిగితే మీకు దొరికింది 50 ఇంటూ 2, అంటే 100 లీటర్ల గాలి. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28 లీటర్ల పైచిలుకు. 7 సీఎఫ్ఎం గన్ నిమిషానికి 200 లీటర్లు లాగుతుంది. కంప్రెషర్ ఆగి ఉంటే ఆ ట్యాంకు వచ్చేది అర నిమిషం! కాబట్టి ముందు గన్ ఎంచుకోండి, దాని సీఎఫ్ఎం చూడండి, ఆ తర్వాతే కంప్రెషర్.

ఊరికే_చదివేవాడు:
థర్డ్ ఇయర్ తమ్ముడు ఎగ్జామ్‌లో రాసింది మొత్తం ఇక్కడ దించిండు 😄

పాలిష్_పరకాల:
పిల్లగాడు చెప్పింది కరెక్టే, నవ్వకండి. నేను ఇరవై ఏళ్లుగా మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌లు కొడుతున్నా. కొత్తగా వచ్చినవాళ్లు చేసే తప్పు ఇదే. చిన్న కంప్రెషర్ మీద పెద్ద గన్ పెడతారు. సగం తలుపు కొట్టేసరికి ప్రెషర్ పడిపోతుంది, పాలిష్ పొగలా రాక చుక్కలు చుక్కలుగా పడుతుంది, ఆరినాక చూస్తే నారింజ తొక్కలాగా గుంటలు. మళ్లీ గీకాలి. నింద గన్ మీద వేస్తారు.

చెక్కపని అన్నా, మీరు రోజంతా కొట్టరు కదా. ఎల్‌వీఎల్‌పీ అని తక్కువ గాలి తాగే గన్లు ఉన్నాయి, 4 నుంచి 6 సీఎఫ్ఎంలో పనైపోతుంది. 1.4 ఎంఎం నాజిల్, పైన కప్పు ఉండేది తీసుకోండి. చెయ్యి కొంచెం నెమ్మదిగా నడపాలి, అంతే తేడా.

కరీంనగర్_కుట్టుమిషన్:
నాకు పెద్ద వర్క్‌షాప్ లేదు, నాలుగు ఎంబ్రాయిడరీ మిషన్లు ఇంట్లోనే. దారం నూలు, దూది ఊదడానికి ఆయిల్ ఫ్రీ వాడుతున్నా. శబ్దం తక్కువ, పక్కగదిలో పాప చదువుకుంటుంది. ఊదడానికే అయితే అది చాలు అన్నయ్యా. కానీ కొనేటప్పుడు షాపులో ఆన్ చేయించి వినండి. ఆయిల్ ఫ్రీ అంటే అన్నీ నిశ్శబ్దం కాదు. నేను మొదట తెచ్చింది ఆన్ చేస్తే వాకిట్లో గ్రైండర్ పెట్టినట్టే ఉండేది, తిరిగి ఇచ్చేశాను.

మెకానికల్_థర్డ్‌ఇయర్:
అవునక్కా. మోటారు 1400 ఆర్‌పీఎం ఉన్నవి మెత్తగా ఉంటాయి, 2800 పైన తిరిగేవి అరుస్తాయి. ప్లేటు మీదే రాసి ఉంటుంది.

హసన్‌పర్తి_చెక్కపని:
ఫోటో పెట్టాను పాతకాపు అన్నా. ప్లేటు తుప్పు పట్టింది, కానీ గరిష్ఠం 7 కేజీలు అని చదవడానికి వస్తోంది. చేత్తో చక్రం తిప్పితే తిరుగుతోంది, పుస్ పుస్ అంటోంది.

ఆటోనగర్_పాతకాపు:
పుస్ పుస్ అంటోందంటే ప్రాణం ఉన్నట్టే.

చూడు తమ్మీ. మన దగ్గర నీళ్లు తక్కువున్న బోర్లకి ఈ గాలి కంప్రెషర్లు ఇంటింటికీ పెట్టినరు. పైపులోంచి గాలి కిందికి పంపితే బుడగలు నీళ్లను పైకి తోసుకొస్తయి. ప్రతి 10 మీటర్ల నీళ్లకి దగ్గర దగ్గర ఒక కేజీ ప్రెషర్ కావాలి. మీ బోర్ల గాలి పైపు 40 మీటర్ల నీళ్లల్ల మునిగి ఉంటే, మొదలు పెట్టినప్పుడల్లా ఆ హెడ్డు 4 కేజీలు కొట్టాల్సిందే. పైగా ఆపకుండా గంట, రెండు గంటలు నడిచేది. షాపుల చూపించిన డైరెక్ట్ కప్లింగ్ మిషన్ గంటసేపు ఆపకుండా నడిపి చూడు, వేడికి ముట్టుకోలేవు. సగం సేపు పని, సగం సేపు విశ్రాంతి అన్నట్టు వాడాలి వాటిని. మన మే నెల ఎండల రేకుల షెడ్డు కింద అయితే ఇంకా తక్కువ. బెల్టు హెడ్డు నెమ్మదిగా తిరుగుతది, ఇనుము మందం ఎక్కువ, పెద్ద చక్రం రెక్కలే దానికి ఫ్యాను.

దానికి లేనివి ఏమంటే: ట్యాంకు, ప్రెషర్ స్విచ్, ఎన్‌ఆర్‌వీ (ట్యాంకు గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు), సేఫ్టీ వాల్వ్, గేజీ. బోరుకి ఇవేమీ అక్కర్లేదు, మీకు ఒక్కటి కూడా తగ్గొద్దు. హెడ్డుల వాల్వు పత్తీలు (గాలికి తెరుచుకుని మూసుకునే సన్న రేకులు), రింగులు చూపించుకో. పాత ఆయిల్ తీసి కిరోసిన్‌తోని కడిగి, కంప్రెషర్ ఆయిల్ 100 గ్రేడ్ పొయ్యి. బండిల పోసే ఇంజన్ ఆయిల్ పొయ్యకు.

జమ్మికుంట_రైతు:
ట్యాంకుకి ఖర్చెందుకు? మా ఊర్ల ఒకాయన పాత గ్యాస్ సిలిండర్‌కి నిపుల్ వెల్డింగ్ చేయించి వాడుతుండు. రెండేళ్లాయె, ఏం కాలే. ట్రాక్టర్ టైర్లకి గాలి కొడతడు.

ఆటోనగర్_పాతకాపు:
రైతన్నా, మీ మీద గౌరవంతో చెబుతున్నా, ఆ మాట ఇక్కడ రాయకండి, ఎవరన్నా చదివి చేస్తరు. గ్యాస్ సిలిండర్ కంపెనీ సొత్తు, దాన్ని కోసి వాడుడే నేరం. అది పక్కన పెట్టినా, లోపల మిగిలిన గ్యాసుతోని వెల్డింగ్ చేసేటప్పుడే పేలొచ్చు. అప్పుడు బతికినా, ప్రతి రోజూ గాలిల తేమ లోపల నీళ్లయి అడుగున కూర్చుంటది. దానికి నీళ్లు వదిలే డ్రెయిన్ లేదు. తుప్పు లోపల తింటది, బయట రంగు మెరుస్తనే ఉంటది. రెండేళ్లు ఏం కాలేదంటే ఆ రేకు రెండేళ్లు పలచనైందని అర్థం.

మా షాపుకి ఒకసారి ఒక ట్యాంకు వచ్చింది. అడుగున సూది బెజ్జం పడి గాలి పోతుంటే పైనుంచి ఎం-సీల్ పూసి ఆరు నెలలు వాడినరు. నేను సుత్తితోని మెల్లగ తడితే రేకు లోపలికి పోయింది. ఆ ట్యాంకు పక్కన రోజూ ఒక పిల్లగాడు కూర్చొని పంక్చర్లు వేసేటోడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

జమ్మికుంట_రైతు:
సరే అన్నా. చెప్పి చూస్తా ఆయనకు. వినే రకం కాదు గానీ చెప్తా.

హసన్‌పర్తి_చెక్కపని:
భయపెట్టారు. మరి ట్యాంకు ఎలా కొనాలి? సెకండ్ హ్యాండ్ ట్యాంకు 100 లీటర్లది దొరుకుతోంది.

ఆటోనగర్_పాతకాపు:
కొనొచ్చు, కానీ హైడ్రో టెస్ట్ నీ ముందు చేయించు. ట్యాంకు నిండా నీళ్లు నింపి, చేతి పంపుతో పని ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తరు. నువ్వు 7 కేజీలకి వాడితే పదిన్నర దాకా. గాలితో ఈ టెస్ట్ చెయ్యనియ్యకు. నీళ్లు ఒత్తితే కుదించుకుపోవు కాబట్టి ఎక్కడన్నా పగిలినా చిమ్మి ఊరుకుంటది, గాలైతే బాంబే. ముందు డ్రెయిన్ విప్పి చూడు, ఎర్రటి నీళ్లు, తుప్పు పెచ్చులు వస్తే ఆ ట్యాంకు అక్కడే వదిలి రా. ఎంత తక్కువకి ఇచ్చినా సరే.

వైర్‌మన్_కాజీపేట:
కరెంటు సంగతి ఎవరూ మాట్లాడలేదు, అందుకే వచ్చాను.

ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 9 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. స్టార్టింగ్‌లో ఒక్క క్షణం దానికి ఐదారు రెట్లు. ఇంట్లోంచి షెడ్డు దాకా 30 మీటర్లు ఒక ఎంఎం వైరుతో ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగారనుకోండి, స్టార్టింగ్‌లో 50 వోల్టులు ఆ వైరే మింగేస్తుంది. ఎండాకాలం రాత్రి కూలర్లన్నీ తిరుగుతుంటే వచ్చేదే 200. మిగిలిన 150తో మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. కెపాసిటర్ పోయిందని మారుస్తారు, మళ్లీ అదే.

షెడ్డుకి విడిగా 4 ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, సీ టైపు ఎంసీబీ (మోటారు స్టార్టింగ్ కరెంటుకి ఊరికే పడిపోని స్విచ్), ఎర్తింగ్. ఇంకో చిట్కా: దూరం పోవాలంటే వైరు పొడుగు చెయ్యకండి, గాలి పైపు పొడుగు చేసుకోండి. కంప్రెషర్‌ని కరెంటు దగ్గరే ఉంచి 15 మీటర్ల పైపు లాగితే ఏమీ కాదు.

మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ మీటరుకి ఒప్పుకున్న కరెంటు వాడకం) ఎంతుందో కూడా చూసుకోండి. ఇంటి మీటరు కేటగిరి 1. సొంతానికి మంచం చేసుకుంటే పర్వాలేదు, ఆర్డర్లు పట్టి అమ్మడం మొదలుపెడితే కేటగిరి మార్చుకోవాలి. లేకపోతే తనిఖీకి వచ్చినప్పుడు బాధపడతారు.

పాలిష్_పరకాల:
పైపు అంటే గుర్తొచ్చింది. షెడ్డు గోడ వెంట పీవీసీ పైపు బిగించకండి, చాలామంది నీళ్ల పైపే కదా అని బిగిస్తారు. గాలి ప్రెషర్‌కి అది ఒకరోజు ముక్కలై కత్తుల్లా ఎగురుతుంది. ఇనుప పైపు, లేదంటే రబ్బరు హోస్.

నీళ్లు వడకట్టే ఫిల్టరు కంప్రెషర్ మూతి దగ్గర పెట్టకండి. అక్కడ గాలి వేడిగా ఉంటుంది, తేమ ఆవిరిగానే దాటిపోతుంది. పైపులో చల్లబడ్డాక నీళ్లవుతుంది. అందుకే గన్‌కి దగ్గర్లో, పైపు చివర పెట్టాలి. మీది ఆయిల్ హెడ్డు కాబట్టి ఆయిల్ ఆవిరి కూడా వస్తుంది. ఒక్క చుక్క పడ్డా పాలిష్ మీద చేపకన్నులాంటి గుంట పడుతుంది, ఎంత గీకినా పోదు. పాలిష్‌కి ఒక పైపు, టైర్లకి, ఊదడానికి ఇంకో పైపు పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

వానాకాలంలో మాత్రం ముసురు పట్టిన రోజు మెలమైన్ కొట్టకండి. ఫిల్టర్లు పది పెట్టినా, బయటి తేమకే పైపొర తెల్లగా పాలు పోసినట్టు అవుతుంది.

నిర్మల్_రంగులు:
మేం బొమ్మల పనిలో ఉన్నాం. పొనికి చెక్క మెత్తన, దుమ్ము కూడా మెత్తగా ఎగురుతుంది. కంప్రెషర్ గాలి పీల్చే చోట ఫిల్టరు వారానికోసారి విప్పి దులపండి. చెక్కపని వాళ్ల కంప్రెషర్లు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. ఫిల్టరు మూసుకుపోతే ట్యాంకు నిండదు, హెడ్డు వేడెక్కుతుంది, మనం రింగులు పోయాయని రిపేరుకి ఇస్తాం.

చిన్న గీతలకి మేం వాడే ఎయిర్‌బ్రష్‌కి ఒక సీఎఫ్ఎం కూడా అక్కర్లేదు. ఎవరైనా బొమ్మలు, చిన్న వస్తువుల కోసం అడుగుతుంటే పెద్ద కంప్రెషర్ జోలికి పోవద్దు.

పీయూ కొట్టేవాళ్లు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని చాలనుకోకండి. రెండు డబ్బాలు కలిపే పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, దమ్ము (ఆస్తమా) తెప్పిస్తుంది. కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే పెట్టుకోవాలి.

హసన్‌పర్తి_చెక్కపని:
రెండు వారాలు ఎవరికీ జవాబు ఇవ్వలేదు, క్షమించాలి. పనిలో ఉన్నాను.

కొత్త కంప్రెషర్ కొనలేదు. పాత హెడ్డే బాగు చేయించాను. వాల్వు పత్తీలు మార్చారు, రింగులు బాగానే ఉన్నాయన్నారు. 100 లీటర్ల ట్యాంకు నా కళ్ల ముందు పదిన్నర కేజీలకి టెస్ట్ చేయించి తెచ్చుకున్నాను. మొదటి షాపులో టెస్ట్ ఎందుకు సార్, గ్యారంటీ నాది అన్నారు, వచ్చేశాను. అన్నీ కలిపి, గన్, ఫిల్టరు, వైరింగుతో సహా 25 వేలు దాటలేదు.

నిన్న సాయంత్రం మొదటిసారి ఆన్ చేశాను. మా నాన్న ముందుగదిలో టీవీ చూస్తున్నాడు, ఆ శబ్దం విని లేచి వచ్చి "బోరు ఎవరేసిండ్రు, నీళ్లు వస్తున్నయా?" అన్నాడు. ట్యాంకు చూపించి చెబితే చాలాసేపు చక్రం వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఒక సమస్య. 7 కేజీలకి ఆగుతోంది, బాగుంది. గన్ వాడి 5కి దిగాక మళ్లీ స్టార్ట్ అవ్వాలి కదా, మోటారు మూలిగి ఎంసీబీ పడిపోతోంది. ట్యాంకు ఖాళీగా ఉంటే మాత్రం చక్కగా స్టార్ట్ అవుతోంది. వైరు 4 ఎంఎం, వోల్టేజి 225 చూపిస్తోంది.

ఆటోనగర్_పాతకాపు:
ఆగేటప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర 'తుస్' మని ఒక చప్పుడు రావాలి. వస్తుందా?

హసన్‌పర్తి_చెక్కపని:
లేదన్నా. కట్ అని ఆగిపోతోంది అంతే.

ఆటోనగర్_పాతకాపు:
అదే జబ్బు. ఆగినప్పుడు హెడ్డుకి, ఎన్‌ఆర్‌వీకి మధ్య పైపుల గాలి మిగులుతది. స్విచ్ కింద ఉండే చిన్న అన్‌లోడర్ దాన్ని వదిలెయ్యాలి, అదే తుస్. వదలకపోతే మోటారు ఆ ప్రెషర్ మీదికి ఎక్కాలె, ఎక్కలేదు. ఎన్‌ఆర్‌వీ నుంచి స్విచ్‌కి ఒక సన్న పైపు కలపాలి, బిగించినోడు మర్చిపోయి ఉంటడు. అది కలిపినంక తుస్ వచ్చి ఆగిపోతే సరి. ఆగకుండా స్‌స్‌స్ అంటనే ఉంటే ఎన్‌ఆర్‌వీ పట్టుకుంటలేదని, ట్యాంకు గాలి వెనక్కి వస్తున్నదని.

బెల్టుకి జాలీ పెట్టినవా? బోరు మీద ఉన్నప్పుడు నువ్వు స్విచ్ వేస్తేనే తిరిగేది. ఇప్పుడు ప్రెషర్ పడంగనే దానంతటదే తిరుగుతది, చెప్పి తిరగదు. పిల్లలుంటరు.

హసన్‌పర్తి_చెక్కపని:
సన్న పైపు నిజంగానే కలపలేదన్నా! కలిపాను, తుస్ వచ్చింది, మూడుసార్లు 5 దగ్గర స్టార్ట్ అయింది. జాలీ రేపు వెల్డింగ్ చేయిస్తున్నా, అప్పటిదాకా ప్లగ్ తీసి ఉంచుతాను.

మెకానికల్_థర్డ్‌ఇయర్:
అన్నా, ఖాళీ ట్యాంకు నిండటానికి ఎంతసేపు పట్టిందో టైమ్ చూశారా?

హసన్‌పర్తి_చెక్కపని:
సున్నా నుంచి 7 కేజీలకి ఐదున్నర నిమిషాలు.

మెకానికల్_థర్డ్‌ఇయర్:
100 ఇంటూ 7, 700 లీటర్లు. ఐదున్నరతో భాగిస్తే నిమిషానికి 127 లీటర్లు, అంటే నాలుగున్నర సీఎఫ్ఎం. ఒకటిన్నర హెచ్‌పీకి ఇది చాలా నిజాయితీ ఉన్న మిషన్. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఎవరైనా ఈ లెక్కతోనే చూసుకోవచ్చు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మీ గన్ 5 సీఎఫ్ఎం అయితే కంప్రెషర్ ఇచ్చేదానికీ గన్ తాగేదానికీ తేడా చాలా తక్కువ, ఆ తేడా ట్యాంకు భరిస్తుంది. తలుపు ఒకవైపు మధ్యలో ఆగకుండా అయిపోతుంది.

పాలిష్_పరకాల:
ముందు అట్టముక్క మీద కొట్టి చూడండి. తలుపు మీద కాదు.

హసన్‌పర్తి_చెక్కపని:
అట్టముక్క మీద, తర్వాత ఒక పాత స్టూలు మీద కొట్టాను. స్టూలు అంచుల దగ్గర కారింది, మధ్యలో అద్దంలా వచ్చింది.

పాలిష్_పరకాల:
అంచు దాటినాక ట్రిగ్గర్ వదలాలి, అంచు మీద వదిలితే కారుతుంది. పది స్టూళ్లకి చెయ్యి తిరుగుతుంది.

ఊరికే_చదివేవాడు:
అన్నా, మా ఇంటి దగ్గర కూడా బోరు కంప్రెషర్ ఉంది. పోయిన నెలే 1800కి పాత ఇనుముకి వేసినం 😐

ఆటోనగర్_పాతకాపు:
చెక్కపని తమ్మీ, ఇవ్వాళ పని అయినంక డ్రెయిన్ విప్పినవా?

హసన్‌పర్తి_చెక్కపని:
మర్చిపోయానన్నా. ఇప్పుడే షెడ్డుకి పోతున్నా.